పరాసుల విడిది

బందరు బాటలు: ఏడో భాగం

గోల్కొండ రాజ్యంలో బండి కట్టుకుని తిరగాలనుకున్న ఒక ఫ్రెంచి వజ్రాల వర్తకుడు ఆ బండిని దారిలో ఎన్నోసార్లు ముక్కలుగా విప్పుకోవలసి వచ్చింది. బండి విప్పడమంటే చిన్న పని కాదు. ముందు కాడి దించాలి, ఎడ్లను పక్కకు తోలి కట్టెయ్యాలి, సామానంతా కిందికి చేర్చాలి. సీలలు ఊడదీసి చక్రాలు ఒకరు దొర్లించుకుంటూ, ఇరుసు ఇద్దరు భుజాన వేసుకుని, మిగతా చట్రం నలుగురూ మోసుకుంటూ రాళ్ళదారి దాటాలి. అవతల నేల చదునుగా ఉన్నచోట అన్నీ మళ్ళీ బిగించాలి. ఇరుసుకు కందెన పూసి ఎడ్లను కట్టి నాలుగడుగులు కదిలేసరికి ఇంకో వాగు అడ్డం పడుతుంది.

ఆ వర్తకుడు జీన్ బాప్టిస్ట్ టావెర్నియర్. 1605లో పారిస్‌లో పుట్టాడు. తూర్పు దేశాలకు ఆరుసార్లు ప్రయాణం కట్టాడు. 1652 మే నెలలో పర్షియాలోని బందర్ అబ్బాస్ రేవులో గోల్కొండ సుల్తాను ఓడ ఎక్కి, జులై 2న మచిలీపట్నంలో, అంటే మన బందరులో దిగాడు. అక్కడి నుంచి మద్రాసు మీదుగా గండికోటకు వెళ్ళి, గోల్కొండ మంత్రి మీర్ జుమ్లాకు తన దగ్గరున్న రత్నాలు చూపించాడు. 1676లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో గోల్కొండ నుంచి బందరుకు బళ్ళు నడిచే బాట లేదని రాశాడు. కొండలు, చెరువులు, వాగులు, ఇరుకు కనుమలు అడ్డం. సరుకంతా ఎద్దుల వీపుల మీదే నడుస్తుంది. చిన్న బండినైనా తీసుకుపోవడం గగనం. వజ్రాల గనుల దాకా తానొక బండి తీసుకువెళ్ళి ఎంత అవస్థ పడ్డాడో కూడా అక్కడే చెప్పుకున్నాడు.

అప్పటి బండి అలాంటిది. ఇల్లులా కదిలే వాహనం అనగానే ఇవాళ మనకు సినిమా షూటింగు దగ్గర నిలబడి ఉండే తెల్లటి కారవాన్ గుర్తొస్తుంది. ఫ్రాన్స్‌లో అది సంసారుల బండి. మంచం, పొయ్యి, నీళ్ళ తొట్టె అన్నీ అందులోనే పెట్టుకుని వేలాది కుటుంబాలు సెలవులకు బయలుదేరతాయి, పాత సంత ఊళ్ళ అంచుల్లో రాత్రికి ఆగుతాయి. 1284లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు నిర్మింపజేసిన మోంపాజియే అలాంటి సంత ఊరే. దాని నడిబజారులో చెక్క కప్పు కింద ధాన్యం కొలిచే పాత కొలపాత్రలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ దేశంలో చాలా ఊళ్ళు ఇలాంటి బళ్ళ కోసం కాస్త జాగా విడిచిపెట్టి, మంచినీళ్ళ కుళాయి, వాడిన నీళ్ళు పారబోసే గుంట ఏర్పాటు చేస్తాయి. ఆగిన మనిషి రొట్టె కొంటాడు, సంత చూస్తాడు, తెల్లవారి వెళ్ళిపోతాడు.

ఇది ఫ్రెంచివాళ్ళు కొత్తగా కనిపెట్టిన ఏర్పాటేమీ కాదు. నీళ్ళు, నీడ, మేత, ఆగేందుకు ఊరి పెద్దల అనుమతి అనే నాలుగింటి మీదే బందరు రెండు వందల ఏళ్ళు బతికింది. ఓడల సంగతి చెప్పినంత వివరంగా ఈ విడుదుల సంగతి మన చరిత్ర పుస్తకాలు చెప్పవు. ఓడ రేవుకు వచ్చినంత మాత్రాన బేరం జరగదు. లోనాడు నుంచి సరుకుతో దిగిన మనిషీ, వాడి ఎద్దూ పదిరోజులు నిలవగలిగితేనే సంత సాగుతుంది.

టావెర్నియర్ లెక్కలో గోల్కొండ నుంచి బందరుకు నేరుగా 100 కోసులు, కొల్లూరు వజ్రాల గని మీదుగా అయితే 112. అతను ఎక్కువగా నడిచింది ఆ రెండో దారే. ఆ కొల్లూరు పల్నాడు వైపు కృష్ణ ఒడ్డున ఉండేది, ఇప్పుడు పులిచింతల జలాశయం నీటి కింద ఉంది. గని దాటాక అతను వరసగా చెప్పిన మజిలీల పేర్లు ఫ్రెంచి నాలుక మీద వంకర్లు పోయినా మనవాళ్ళకు ఇట్టే అందుతాయి. ‘బెజువార్’ బెజవాడ. ‘వూషిర్’ అన్నది మన ఉయ్యూరే అయ్యుండాలి. ‘నిలిమోర్’ అన్న చోట నిడుమోలు వినబడుతుంది. అంటే ఇవాళ బెజవాడలో బందరు బస్సెక్కిన మనిషి కిటికీలోంచి చూసే ఊళ్ళే అవి.

ఆ నిడుమోలుకు దగ్గర్లోనే కూచిపూడి, మొవ్వ. మొవ్వ క్షేత్రయ్య ఊరు. కూచిపూడికి మరో మజిలీ కథ ఉంది. గోల్కొండ ఆఖరి సుల్తాను అబుల్ హసన్ తానీషా 1670ల్లో బందరు చూడటానికి వెళుతూ దారిలో అక్కడ గుడారాలు వేయించాడనీ, ఆ రాత్రి భాగవతులు ఆడిన ఆట చూసి మురిసిపోయి ఊరిని వాళ్ళకే అగ్రహారంగా రాసిచ్చాడనీ కూచిపూడి కుటుంబాలు తరతరాలుగా చెప్పుకుంటున్నాయి. అంతకు ముందు శతాబ్దంలో ఇదే డెల్టాలో మరో రాజు ఆగాడు. కళింగం మీద దండెత్తి పోతూ శ్రీకృష్ణదేవరాయలు బెజవాడలో కొన్నాళ్ళుండి, ఘంటసాలకు దగ్గర్లోని శ్రీకాకుళం వచ్చి, ఏకాదశి నాడు ఉపవాసం ఉన్నాడు. ఆ రాత్రి ఆంధ్ర మహావిష్ణువు కలలో కనబడి తెలుగులో కావ్యం చెప్పమన్నాడని ఆముక్తమాల్యద ఆరంభంలో రాయలే చెప్పుకున్నాడు. దండు నడిచే దారిలో పడిన ఒక రాత్రి మజిలీ తెలుగు సాహిత్యానికి ఎంత పెట్టిందో కృష్ణా జిల్లా వాళ్ళు గర్వంగా చెప్పుకోదగిన సంగతి.

రాజులకు గుడారాలుంటాయి, ముందే వెళ్ళి ఏర్పాట్లు చేసే మనుషులుంటారు. మామూలు బాటసారి తిప్పలు వేరు. టావెర్నియర్ వాటిని వర్తకుడి కళ్ళతో చూసి అణా పైసలతో సహా రాసుకున్నాడు. పల్లకీ అయితే ఆరుగురు బోయీలు మోస్తారు, దూరాభారమైతే భుజం మార్చుకోవడానికి ఇంకో ఆరుగురు. మనిషికి నెలకు నాలుగు రూపాయలు. అరవై రోజులు దాటే ప్రయాణమైతే ఐదు. తిండీ బత్తెమూ అందులోనే. బాట బాగున్న చోట్ల జోడెడ్ల సవారీ బండి రోజుకు సుమారు రూపాయికి దొరికేది. మంచి ఎడ్లు అరవై రోజుల పాటు రోజూ పరుగు నడకన సాగిపోతాయని అతను ఆశ్చర్యపోయాడు. మధ్యాహ్నం మజిలీలో ఒక్కో ఎద్దుకు గోధుమపిండి, నెయ్యి, నల్లబెల్లం కలిపి పిసికిన ముద్దలు రెండు మూడు తినిపించేవారు. సాయంత్రం దంచి నానబెట్టిన శనగలు పెట్టేవారు. పశువును చూసుకునే తీరు తెలిసిన రైతుకు ఆ ముద్దల్లో ఉన్న అభిమానం చెప్పకుండానే అర్థమవుతుంది.

ఇక ఇల్లే కదిలిపోయే జనం లంబాడీలు.

పదివేలు, పన్నెండువేల ఎద్దులు ఒక్క బిడారుగా నడవడం చూశానని టావెర్నియర్ రాశాడు. ఇరుకు దారిలో అలాంటి బిడారు ఎదురైతే అది దాటిపోయేదాకా బాటసారి రెండు మూడు రోజులు పక్కకు తొలగి ఆగవలసిందే. ఆ ఎద్దులతోపాటే భార్యాబిడ్డలు, కుండలు, గుడారాలు. వాళ్ళు ఏ ఊళ్ళోనూ ఇల్లు కట్టుకోరనీ, ఒక తెగ ధాన్యం, ఒక తెగ బియ్యం, ఒక తెగ పప్పులు, ఒక తెగ ఉప్పు మోస్తాయనీ అతని మాట. బందరు తీరానికి వాళ్ళను రప్పించింది ఉప్పే. సముద్రపు ఒడ్డున మడుల్లో పండిన ఉప్పును పెరికెల్లోకి ఎత్తేవారు. పెరికె అంటే ఎద్దు వీపు మీద ఇటూ అటూ సమంగా వేలాడే జంట సంచి. ఒక పక్క బరువు కాస్త ఎక్కువైనా ఎద్దు వీపు పుండు పడుతుంది కనుక నింపేటప్పుడే చేత్తో ఎత్తి చూసుకుని, తక్కువైన వైపు నాలుగు దోసిళ్ళు పోసేవారు. సాయంత్రం మజిలీలో పెరికెలు దింపి గుండ్రంగా పేరిస్తే అవే కోటగోడలా నిలిచేవి. ఆ గోడ లోపల వంట, పిల్లలు, నిద్ర. బయట కుక్కల కాపలా. తెలంగాణ లోపలి పల్లెల్లో, నాగపురం వైపు కూరలో పడిన ఉప్పు ఇలా నడిచి వెళ్ళినదే. రైళ్ళు వచ్చాక ఆ ఎద్దుల బతుకుతెరువు పోయింది. లంబాడీలు తండాలుగా స్థిరపడ్డారు. దక్కను ఆకలి తీర్చిన ఆ మనుషుల్ని వలసపాలకులు నేరస్థ జాతుల పట్టీలో చేర్చడం మన చరిత్రలోని పెద్ద అన్యాయాల్లో ఒకటి.

అప్పటి బందరు చూడటానికి గొప్ప ఊరేమీ కాదు. ఇళ్ళన్నీ కర్రతో కట్టినవే. ఊరికీ సముద్రానికీ మధ్య రొంపి నేల. ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే పడే నేల కావడంతో మంచినీటికి ఎప్పుడూ కటకటే. అయినా బంగాళాఖాతంలో ఇంత మంచి లంగరు చోటు ఇంకొకటి లేదనీ, పెగూ, సయాం, అరకాన్, మక్కా, హర్ముజ్, సుమత్రా, మనీలాలకు ఓడలు ఇక్కడి నుంచే కదులుతాయనీ టావెర్నియర్ సాక్ష్యం. ఈ తీరానికి రేవు వ్యాపారం కొత్తది కాదు. దగ్గర్లోని ఘంటసాలలో దొరికిన శాసనంలో శివకుడనే ‘మహానావికుడి’ పేరుంది. క్రీస్తు శకం తొలి శతాబ్దాల గ్రీకు గ్రంథాలు ఈ ప్రాంతాన్ని మసాలియా, మైసోలియా అన్నాయి.

ఇలాంటి ఊళ్ళో పరాయి దేశస్థులంతా వచ్చి దిగారు. ఒలందులు, అంటే డచ్చివాళ్ళు, 1605, 1606 ప్రాంతంలో వచ్చారు. 1611లో ‘గ్లోబ్’ ఓడ మీద ఇంగ్లీషువాళ్ళు దిగారు. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం అనే పేర్లు వాళ్ళ గుర్తులే. ఫ్రెంచివాళ్ళు అందరికంటే ఆలస్యంగా వచ్చారు. పాత తెలుగు వాడుకలో వాళ్ళు ‘పరాసులు’. బందరులో పరాసుపేట అన్న పేటకు ఆ పేరు వచ్చింది వాళ్ళ వల్లనే.

పధ్నాలుగో లూయీ మంత్రి కోల్బేర్ 1664లో ఫ్రెంచి తూర్పు ఇండియా కంపెనీ పెట్టించాడు. కంపెనీ మొదటి కొఠీ సూరత్‌లో వెలిసింది. అక్కడి నుంచి గోల్కొండ దర్బారుకు రాయబారిగా వెళ్ళింది ఫ్రెంచివాడు కాదు, ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఆర్మీనియా వర్తకుడు మార్కారా అవాంచింజ్. పారసీ భాష, దర్బారు మర్యాద, కానుక ఎవరికి ఎప్పుడు ఇవ్వాలన్న వివరం అన్నీ అతనికి కరతలామలకం. 1669 డిసెంబరులో సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా దగ్గర అతను సంపాదించిన ఫర్మానా ప్రకారం ఫ్రెంచివాళ్ళు బందరులో ఉండవచ్చు, దిగుమతి సుంకం గానీ ఎగుమతి సుంకం గానీ కట్టకుండా వ్యాపారం చేసుకోవచ్చు. ఒలందులు, ఇంగ్లీషువాళ్ళు ఏళ్ళ తరబడి దర్బారు చుట్టూ తిరిగి గడించినదాన్ని ఈ ఒక్క మనిషి అంత త్వరగా సాధించాడంటే అతని నేర్పు ఎంతటిదో ఊహించుకోవచ్చు. దానికి దక్కిన బహుమానం మాత్రం సంకెళ్ళు. సూరత్‌లోని కంపెనీ పెద్ద ఫ్రాంస్వా కారోన్‌కూ అతనికీ పడలేదు. మార్కారాను బందరులోనే బంధించి ఫ్రాన్స్‌కు పంపేశారు. అక్కడ అతను కంపెనీ మీద దావా వేసి న్యాయం కోసం పోరాడాడు.

అలా దొరికిన చోటును ఫ్రెంచివాళ్ళు ‘లోజ్’ అన్నారు. వాళ్ళ భాషలో ‘లోజే’ అంటే బస చేయడం. కోట కాదు, కొఠీ అన్నంత పెద్దదీ కాదు. అచ్చమైన తెలుగులో చెప్పాలంటే విడిది. ఒక ఇల్లు, సరుకు దాచే కొట్లు, ఒక జెండా కర్ర. ఓడ వచ్చేదాకా ఎదురుచూడటం, నేతగాళ్ళకు బయానాలివ్వడం, బట్ట వచ్చాక మూటలు కట్టించడం లోపల జరిగే పనులు. ఆ విడిదిలో కొన్నాళ్ళున్న ఫ్రాంస్వా మార్టిన్ అనే ఉద్యోగి తర్వాత 1674లో పాండిచ్చేరికి పునాది వేశాడు. 1672లో ద లా హే అనే ఫ్రెంచి సేనాని మద్రాసు పక్కన గోల్కొండకు చెందిన శాంతోమును పట్టుకోవడంతో సుల్తానుకు కోపం వచ్చింది. రెండేళ్ళ ముట్టడి తర్వాత శాంతోము చేజారింది. బందరు విడిది కూడా చిక్కిపోయింది. తెచ్చుకున్న మంచి ఫర్మానాను మూడేళ్ళు తిరక్కుండానే తమ తొందరపాటుతో వాళ్ళే చెడగొట్టుకున్నారు.

ఆ మూటల్లో వెళ్ళిన బట్ట కథ మాత్రం ఆగలేదు. కృష్ణ దిగువ ఇసుక నేలల్లో తవ్విన చిరివేరు ఎరుపు, కరక్కాయ నీళ్ళు, పాలు, పారే కాలవలో మళ్ళీ మళ్ళీ ఉతుకు, ఎండ — వీటితో తేలిన రంగు ఎన్ని ఉతుకులు ఉతికినా వెలవని రంగు. ఐరోపాలో అప్పటికి అద్దకపు బట్ట అంటే ఒక్క ఉతుకుతో కారిపోయేదే. ఫ్రాన్స్‌లో మన బట్టలకు ‘ఇండియెన్’ అని పేరు పడింది. మార్సెయి పట్టణంలో 1648 నాటికే వీటికి నకళ్ళు అద్దడం మొదలుపెట్టారు. దక్షిణ ఫ్రాన్స్‌లో రోన్ నది ఒడ్డున బోకేర్ అనే సంత ఊరుంది. జులై నెలాఖరులో అక్కడ జరిగే తిరునాళ్ళకు మధ్యధరా తీరమంతా కదిలి వచ్చేది. ఊళ్ళో చోటు చాలక ఏటి ఒడ్డు మైదానంలో డేరాలు వెలిసేవి. అక్కడ అమ్ముడుపోయే సరుకుల్లో ఇండియెన్‌లది పెద్దపీట.

తమ పట్టు, ఉన్ని నేతగాళ్ళ గోడు విన్న ఫ్రెంచి ప్రభుత్వం 1686 అక్టోబరులో ఈ బట్టల దిగుమతినీ అద్దకాన్నీ నిషేధించింది. కట్టుకున్నవాళ్ళకు జరిమానాలు వేశారు. నడివీధిలో ఒంటి మీది బట్టలు లాగేసిన సందర్భాలూ ఉన్నాయి. అయినా జనం మానలేదు. డెబ్బై మూడేళ్ళ తర్వాత, 1759లో ఆ నిషేధం ఎత్తేశారు. సరిగ్గా ఆ ఏడే బందరు కోట ఫ్రెంచివాళ్ళ చేతుల్లోంచి పోయింది. ఇవాళ పెడనలో ఇంటింటా చెక్క అచ్చు బల్లమీద పడుతున్న చప్పుడు వింటూ ఈ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టుకుంటే మనసు కలుక్కుమంటుంది.

ఆ కోట కథ క్లుప్తంగా చెప్పుకుందాం, వివరాలు వచ్చే భాగంలో. పాండిచ్చేరి గవర్నరు డూప్లే కాలంలో, 1750లో పరాసులు బందరును పట్టుకున్నారు. దివిసీమ కూడా వాళ్ళ కిందికి వచ్చింది. 1753లో హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచి సేనాని బుస్సీకి రాసిచ్చాడు. బొబ్బిలి యుద్ధంతో తెలుగువాళ్ళకు ఎప్పటికీ గుర్తుండిపోయిన ఆ బుస్సీయే. విడిదికి వచ్చినవాడు ఇంటి యజమాని కావాలనుకున్న కాలమది, తొమ్మిదేళ్ళలో ముగిసింది. 1759 ఏప్రిల్ 7 రాత్రి, ఎవరూ రాలేరనుకున్న రొంపిలోంచి ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ సైనికులు మొలలోతు బురదలో నడిచి కోటలో ప్రవేశించారు. తెల్లవారేసరికి ఫ్రెంచి సేనాని కోన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు.

రాజ్యం పోయింది, విడిది మిగిలింది. యుద్ధం వచ్చినప్పుడల్లా ఇంగ్లీషువాళ్ళు దాన్ని స్వాధీనం చేసుకోవడం, సంధి కుదిరినప్పుడల్లా తిరిగి ఇచ్చేయడం ఆనవాయితీ అయింది. చుట్టూ బ్రిటిషు జిల్లా, మధ్యలో ఇంత ముక్క ఫ్రాన్స్.

ఈలోగా దారులు మారాయి. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి మరుసటి ఏడు తిరిగొచ్చిన ఏనుగుల వీరాస్వామి సుమారు వందమంది పరివారంతో, డేరాలతో, వంటవాళ్ళతో నడిచాడు. నీళ్ళు ఎలాంటివి, చెట్ల నీడ ఉందా, అంగళ్ళలో ఏవి దొరుకుతాయి, సత్రం దిగడానికి పనికొస్తుందా అని ఏ ఊరికి ఆ ఊరు విడివిడిగా రాసిపెట్టాడు. తర్వాత వచ్చే బాటసారి కోసమే అంత శ్రద్ధ. తెలుగులో ఆయనను మించి విడుదుల గురించి రాసినవాళ్ళు అరుదు. 1850ల్లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక బందరు కాలవ మీద పడవలు నడిచాయి. రాత్రి ఎక్కి పడవలోనే పడుకుని తెల్లవారి దిగేవారు. 1908 నాటికి గుడివాడ మీదుగా బందరుకు రైలు వచ్చింది.

అయినా దివిసీమ తిరునాళ్ళకు మాత్రం నిన్నమొన్నటి దాకా గూడుబండే దిక్కు. వెదురు బద్దల మీద చాప వంచి కట్టిన గూడు, లోపల మెత్తగా పరిచిన వరిగడ్డి, దానిమీద బొంత. కింద ఇరుసుకు వేలాడుతూ కిరసనాయిలు లాంతరు. వెనక పెట్టెలో పులిహోర మూట, మరచెంబు. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి మొక్కుకో, మాఘ పౌర్ణమికి హంసలదీవి సాగర సంగమ స్నానానికో కుటుంబమంతా అందులోనే. ఏటి రేవుకు రాగానే కాడి దించి, బండిని బల్లకట్టు ఎక్కించి, చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టేవారు. అవతలి ఒడ్డున చెట్టుకింద మూడు రాళ్ళు పెట్టి అన్నం వండుకునేవారు. రాత్రికి పిల్లలు, ఆడవాళ్ళు గూట్లో. మగవాళ్ళు బండి కింద, ఎడ్ల నెమరు చప్పుడు వింటూ.

బందరులోని ఆ పరాసు విడిది 1947 అక్టోబరు దాకా నిలిచింది. మార్కారా ఫర్మానా నాటి నుంచి లెక్కేస్తే 278 ఏళ్ళు. సూరత్, కోళిక్కోడ్ వంటి చోట్ల ఉన్న లోజులతోపాటు దాన్నీ ఫ్రాన్స్ స్వతంత్ర భారతానికి అప్పగించింది. తుపాకీ పేలలేదు, ఊరేగింపులు లేవు. యానాంలో అదే ఫ్రాన్స్ మరో ఏడేళ్ళు పట్టుబట్టి కూర్చుంది. బందరులో ఇవాళ కోనేరు సెంటరులో ఆటో ఎక్కి పరాసుపేట అనండి, ఫ్రెంచిపేట అనండి, డ్రైవరు మారు ప్రశ్న లేకుండా తీసుకువెళతాడు.

(వచ్చే భాగం: రొంపి దాటిన రాత్రి)